పదిహేడో మినహాయింపు



నేను బీమా కంపెనీలో, క్లెయిముల సెక్షన్లో, చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా దగ్గర కొన్ని ఉత్తరాలు ముందే తయారుగా ఉండేవి. పేరు, పాలసీ నంబరు, తేదీ మార్చి పైవాళ్లతో సంతకం పెట్టించడమే మా పని. వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. మీరు పంపిన బిల్లులు సంతానలేమి చికిత్సకు సంబంధించినవి, పాలసీ షరతుల ప్రకారం ఆ ఖర్చులు చెల్లించడం వీలుపడదు, చింతిస్తున్నాం. ఆ చింత కూడా అచ్చులోనే ఉండేది.

రిటైరవడానికి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం, ఆ ఉత్తరం అందుకున్న దంపతులు దాన్ని పట్టుకుని తిన్నగా నా టేబులు దగ్గరికే వచ్చారు. అతనికి చిన్న ఎలక్ట్రికల్ షాపు. ఆ అమ్మాయికి ముప్పై రెండో, ముప్పై మూడో ఉంటాయి. అతని చేతిలో బట్టల షాపు సంచి, సంచి నిండా బిల్లులు. మందుల షాపు బిల్లులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆర్నెల్లు తిరిగేసరికి అక్షరాలు ఎగిరిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. ఆ అమ్మాయి ప్రతి బిల్లు మీదా మాసిపోతున్న అంకె పక్కనే పెన్నుతో మళ్లీ రాసుకుంది. అన్నీ కలిపితే 3 లక్షల 40 వేల పైచిలుకు.

"ఆరేళ్లుగా ప్రీమియం ఒక్కసారి తప్పలేదు మేడం. ఇన్నాళ్లూ ఒక్క క్లెయిమైనా పెట్టలేదు. ఇదే మొదటిది" అన్నాడతను. ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచేముందు మాత్రం, "ఇది జబ్బు కాదాండీ?" అని అడిగింది.

జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పునరుత్పత్తి వ్యవస్థకు వచ్చే వ్యాధి అనే నిర్వచించింది. భార్యాభర్తలు గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా 12 నెలలు కాపురం చేసినా గర్భం రాకపోతే అది సంతానలేమి. అదే సంస్థ 2023 ఏప్రిల్‌లో ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారు. పెళ్లి పందిట్లో ఎవరినైనా పక్కకు పిలిచి "ఏమైనా విశేషమా?" అని అడగబోయే ముందు, ఆ వరసలో కూర్చున్నవాళ్లను ఆరుతో భాగించి చూసుకోండి.

మరి జబ్బే అయితే బీమా ఎందుకు ఇవ్వదు? మీ ఆరోగ్య బీమా పాలసీ పుస్తకం తీయండి. మినహాయింపులు అనే భాగంలో ప్రతిదానికీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఈ మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకేలా ఖరారు చేసింది. అందుకే మీరు ఏ కంపెనీ పాలసీ తీసినా నంబరు మారదు. పదిహేడో నంబరు సంతానలేమిది. గర్భనిరోధం, స్టెరిలైజేషన్, కృత్రిమ గర్భధారణ, ఐవీఎఫ్, ఇక్సీ లాంటి పద్ధతులు, సరోగసీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లకు తిరిగి పిల్లలు కలిగేలా చేసే ఆపరేషన్, అన్నీ ఆ ఒక్క నంబరు కిందే. పిల్లలు వద్దనుకునేవాళ్లనీ, పిల్లల కోసం అల్లాడేవాళ్లనీ ఒకే పేరాలో కట్టిపడేశారు. 

దీనికి బీమా వాళ్ల వాదన ఒకటుంది. నేనే ఎన్నోసార్లు కౌంటరులో అప్పజెప్పాను. బీమా అనేది వస్తుందో రాదో తెలియని ఆపదకు. ఫలానా చికిత్స చేయించుకోవాలని ముందే తెలిసినవాళ్లు మాత్రమే పాలసీ కొని, మర్నాడే క్లెయిము పెడితే మిగతావాళ్ల ప్రీమియం పెరిగిపోతుందని. లెక్క ప్రకారం కాదనలేం. కానీ దానికి విరుగుడు వెయిటింగ్ పీరియడ్. మోకీలు మార్పిడికీ, కంటి శుక్లాలకూ అలాగే రెండేళ్లు, మూడేళ్లు ఆగమంటాం, ఆగినవాళ్లకు ఇస్తాం. దీనికి మాత్రం ఆగినా లేదంటాం. గర్భాశయానికి టీబీ సోకి నాళాలు మూసుకుపోయిన ఆడపిల్ల, మన దేశంలో అలాంటివాళ్లు తక్కువేమీ కాదు, ఆ జబ్బును కోరి తెచ్చుకుందా? కొత్త చికిత్స, ప్రయోగం అనడానికీ లేదు. ఇంగ్లండులో మొదటి ఐవీఎఫ్ బిడ్డ 1978 జులై 25న పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో కలకత్తాలో మన బిడ్డ పుట్టింది అదే ఏడాది అక్టోబర్ 3న. మధ్యలో 70 రోజులు.  

ఆ సంచి దగ్గరికి వస్తాను. ఉత్తరం ఇచ్చేశాం కాబట్టి నా పని అయిపోయినట్టే. అయినా ఆ సాయంత్రం వాళ్ల బిల్లులు తేదీల వారీగా పేర్చాను. క్లెయిముల సెక్షన్లో పనిచేసినవాళ్లకు ఒక అలవాటు పడుతుంది, బిల్లులు వరసగా పెడితే ఆ ఇంటి కథ కనిపిస్తుంది. మొదటి మూడేళ్ల బిల్లులన్నీ ఆ అమ్మాయి పేరు మీదే. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, నెలనెలా మాత్రలు, నాళాలు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే, అండాశయం మీద ఆపరేషన్. భర్త పేరు మొదటిసారి కనిపించింది 61వ కాగితంలో. వీర్య పరీక్ష. 600 రూపాయలు.

ఆ పరీక్షలో కణాల సంఖ్య ఉండాల్సిన దానికి చాలా తక్కువ అని తేలింది. మూడేళ్లు, ఒక ఆపరేషన్, ఇన్ని ఇంజెక్షన్లు అయ్యాక. ఇది ఆ ఒక్క ఇంటి కథ అయితే నేను రేడియోలో చెప్పేదాన్ని కాదు. నా టేబులు మీదికి వచ్చిన ఫైళ్లలో ఇలాంటి వరసే మళ్లీ మళ్లీ చూశాను. సంతానలేమిలో మగవాళ్ల వైపు కారణం తక్కువేమీ కాదు. కొందరిలో అదొక్కటే ఉంటుంది, కొందరిలో ఇద్దరి వైపూ ఉంటుంది. అయినా మన ఇళ్లలో ముందు కోడలిని ఆసుపత్రికి పంపుతారు, అంతకంటే ముందు రావిచెట్టు చుట్టూ తిప్పుతారు, నాగులచవితికి పుట్ట దగ్గరికి తీసుకెళ్తారు. గొడ్రాలు అనే మాట మన భాషలో ఉంది. మగవాడికి ఆ మాటకు సాటి వచ్చే తిట్టు లేదు.

వీర్య పరీక్షకు కత్తీ లేదు, మత్తూ లేదు. రెండు రోజులకు తగ్గకుండా, వారానికి మించకుండా కలయికకు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఒక్కసారి తక్కువ వస్తే బెంబేలు పడక్కర్లేదు, మళ్లీ చేయించాలి. కణం తయారై బయటికి రావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకని సిగరెట్ మానేసిన ఫలితం, మూడు నెలల కిందట వచ్చిన గట్టి జ్వరం ప్రభావం, రెండూ ఆలస్యంగానే కనిపిస్తాయి. ఇంకొక మాట, కుర్రాళ్లు వినాలి. జిమ్ముల్లో కండలు పెరుగుతాయని కొందరు పొడిపించుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఒంట్లో కణాల తయారీని ఆపేస్తాయి. మగతనం పెంచుతుందని చెప్పి అమ్మేది తండ్రి కాకుండా చేస్తోంది.

ఆడవాళ్ల విషయంలో నేను చెప్పాల్సింది వయసు గురించి. 35 దాటిన స్త్రీ ఏడాది ఆగకూడదు, ఆరు నెలలు చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అండాల నిల్వ వయసుతో తగ్గుతుంది, దాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. నెలసరి క్రమంగా రాకపోయినా, నెలసరిలో భరించలేని నొప్పి ఉన్నా, ఏ వయసులోనైనా ఆగక్కర్లేదు.

ఇక ఖర్చు. చాలామందికి ఐవీఎఫ్ దాకా వెళ్లే అవసరమే ఉండదు. థైరాయిడ్ సరిచేస్తేనో, అండం విడుదలయ్యే మాత్రలతోనో, వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే, కొన్ని వేల రూపాయల్లో అయ్యే ఐయూఐతోనో గర్భం నిలిచేవాళ్లు బోలెడుమంది. ఐవీఎఫ్ అయితే మన నగరాల్లో ఒక్క విడతకే సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. పది పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, రోజు మార్చి రోజు స్కానింగు, మత్తు ఇచ్చి అండాలు తీయడం, ల్యాబ్‌లో పిండం తయారీ, మూడో రోజో ఐదో రోజో దాన్ని గర్భాశయంలో పెట్టడం, ఆపైన రెండు వారాల ఎదురుచూపు. ఇంతా చేస్తే మొదటి విడతలోనే బిడ్డ చేతికి వచ్చేవాళ్లు సగంకంటే తక్కువే, నలభై దాటితే మరీ తక్కువ. నూటికి నూరు శాతం గ్యారంటీ అని బోర్డు కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోండి.

ప్యాకేజీ అని చెప్పే అంకెలో ఏముందో కాగితం మీద రాయించుకోండి. ఇంజెక్షన్లు అందులో కలిశాయా? చాలాచోట్ల కలవవు, అసలు ఖర్చు అక్కడే. అండంలోకి ఒక్క వీర్యకణాన్ని సూదితో పంపే ఇక్సీకి వేరే రుసుమా? మిగిలిన పిండాలను ఫ్రీజ్ చేసి దాచితే ఏటా ఎంత? మొదటి విడత ఫలించకపోతే, దాచిన పిండంతో రెండోసారికి ఎంత? మత్తు డాక్టర్ ఫీజు? నోటితో చెబుతాం అంటే వద్దనండి.

2021లో వచ్చిన చట్టం ప్రకారం ఐవీఎఫ్ చేసే ప్రతి క్లినిక్కూ రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్ గోడకు ఉందా, చెల్లుబాటులో ఉందా చూడండి. 2025లో హైదరాబాద్ ప్రాంతంలోనే సరోగసీ పేరు చెప్పి వేరేవాళ్ల బిడ్డను అప్పగించారని ఒక కేసు నమోదైంది, డీఎన్ఏ పరీక్షతో అది బయటపడింది. ఆ 2021 చట్టం చికిత్సకు స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ల పరిమితి పెట్టింది. అండం దానం చేసే స్త్రీకి 23 నుంచి 35 మధ్య వయసుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఆమె పేరున, అండం తీసుకునే దంపతులు 12 నెలల బీమా చేయించాలి. సరోగసీలో అయితే బిడ్డను మోసే తల్లికి 36 నెలల బీమా. మంచి నిబంధనే, కాదనను. కానీ చూడండి, దానం చేసే ఆమెకు బీమా లేకపోతే చట్టం ఒప్పుకోదు. చికిత్స చేయించుకునే ఆమెకు బీమా ఉన్నా రూపాయి రాదు.

రూపాయి రాదు అన్నాను, పూర్తిగా అలా కాదు. మినహాయింపు ఉన్నంత మాత్రాన కంపెనీ ఇవ్వకూడదని అర్థం కాదు. ఇవ్వదలిస్తే పాలసీలోనే ఒక ప్రయోజనంగా చేర్చవచ్చు. అలా చేర్చిన పాలసీలు బజారులో కొన్ని ఉన్నాయి. వాటిలో మూడు చూడాలి. ఎన్నేళ్లు ఆగాలి, ఎంత మొత్తం దాకా ఇస్తారు, ఎన్ని విడతలకు ఇస్తారు. మీకు 36 ఏళ్లుండి పాలసీ మూడేళ్లు ఆగమంటే, అది మీకోసం రాసిన పాలసీ కాదు. ఏజెంటు మాట కాకుండా కాగితం చూడండి. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఒకటి ఇస్తారు, ముఖ్యమైన షరతులన్నీ అందులో ఉంటాయి. మీరు అడిగితే దాన్ని తెలుగులో ఇవ్వాలి. ఈ సంగతి తెలిసి అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. చదివాక నచ్చకపోతే 30 రోజుల్లోపు పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఉద్యోగస్తులకు ఇంకో దారి ఉంది. కంపెనీలు ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీల్లో కొన్నిట్లో సంతానలేమి చికిత్సకు ఒక మొత్తం కేటాయిస్తారు. ఐటీ కంపెనీల్లో ఉండి, ఆ సంగతి తెలియక బంగారం తాకట్టు పెట్టినవాళ్లున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే రెండు పాలసీలూ చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సీజీహెచ్ఎస్ కింద, ముందస్తు అనుమతి తీసుకుంటే, ఐవీఎఫ్ ఖర్చులో కొంత షరతులతో తిరిగి వస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి. కార్డు ఉంది కదా అని అడ్వాన్సు కట్టేయకండి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది. లక్షలు లేనివాళ్లు అక్కడ సేవలు ఎలా అందుతున్నాయో వెళ్లి వాకబు చేయండి.

అమెరికాలో ఉన్న పిల్లల గురించి ఒక్క ముక్క. అక్కడ ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మసాచుసెట్స్‌లో 1987 నుంచే చట్టం ఉంది, కాలిఫోర్నియాలో పెద్ద గ్రూపు పాలసీలకు 2026 జనవరి నుంచి ఐవీఎఫ్ తప్పనిసరి చేశారు. కానీ ఉద్యోగుల వైద్య ఖర్చు కంపెనీ తానే భరించే ప్లాన్లకు రాష్ట్ర చట్టాలు వర్తించవు. కాబట్టి రాష్ట్రం పేరు చూసి ధీమా పడకుండా, తమది ఏ రకం ప్లానో హెచ్ఆర్‌ను అడగమని చెప్పండి.

ఇప్పుడు నేను ముప్పొద్దులా చూసిన తప్పు ఒకటి చెబుతాను. సంతానలేమి కోసం తిరుగుతున్నంత మాత్రాన, ఆ తిరుగుడులో బయటపడిన ప్రతి జబ్బూ పదిహేడో నంబరు కిందికి రాదు. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, అండాశయం మీద గడ్డలు, టీబీ, ఇవి వాటంతట అవే జబ్బులు. వెయిటింగ్ పీరియడ్ దాటిన పాలసీ ఉండి, వైద్య అవసరం ఉండి ఆసుపత్రిలో చేరితే వాటికి క్లెయిము హక్కు ఉంటుంది. గర్భం నాళంలో నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది చూశారా, కాన్పు ఖర్చులు ఇవ్వని పద్దెనిమిదో మినహాయింపు కూడా దాన్ని వదిలిపెట్టింది. ఆ ఆపరేషన్‌ను కాన్పు ఖర్చంటూ కొట్టేయడానికి లేదు.

చిక్కంతా డిశ్చార్జి సమ్మరీలో వస్తుంది. ఒక అమ్మాయికి నెలనెలా విపరీతమైన నొప్పి, రక్తస్రావం ఉంటాయనుకోండి. డాక్టర్ దగ్గర అది చెప్పదు, పిల్లలు లేరు అన్న ఒక్క మాటే చెబుతుంది, ఎందుకంటే ఇంట్లో ఆమె నొప్పి ఎవరికీ లెక్కలో లేదు. కేస్ షీటులో ఆ ఒక్క మాటే ఎక్కుతుంది. మా టేబులు మీదికి వచ్చేసరికి సంతానలేమి అన్న పదం మాత్రమే మాకు కనిపిస్తుంది, ఉత్తరం సిద్ధంగా ఉంటుంది. అందుకని డాక్టర్‌కు ఉన్న బాధలన్నీ చెప్పండి. లేనివి మాత్రం రాయించకండి. కొన్నిచోట్ల "మేం వేరే పేరుతో రాసిస్తాం, క్లెయిము పెట్టుకోండి" అంటారు. అది మోసం. పట్టుబడితే ఆ క్లెయిముతో పాటు పాలసీ కూడా పోతుంది. రేపు గుండెపోటు వచ్చినా చేతిలో ఏమీ ఉండదు. పాలసీ కొనేటప్పుడు థైరాయిడ్, పీసీఓఎస్ దాచడం కూడా అంతే. చెప్పి కొంటే ముందున్న జబ్బులకు ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు ఆగాలి, అంతే.

కంపెనీ కాదంటే ఏ నిబంధన కింద కాదన్నారో నంబరుతో సహా రాసిమ్మని అడగండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, లేదా బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లందరికీ ఆఫీసు అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. ఐవీఎఫ్ బిల్లు పెట్టి, పాలసీలో పదిహేడో నంబరు ఉంటే, అంబుడ్స్‌మన్ కూడా ఏమీ చేయలేరు. జబ్బు బిల్లును పదిహేడు కింద తోసేస్తే మాత్రం పోరాడండి.

ఆ సంచిలో నాకు దొరికింది అదే. ఆ అమ్మాయి అండాశయం మీది గడ్డ తీసిన ఆపరేషన్. నొప్పితో అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేరినట్టు సమ్మరీలో స్పష్టంగా ఉంది. బిల్లు 42 వేలు. అది కూడా మిగతావాటితో కలిపి కట్టగట్టి పెట్టడం వల్ల, మేమూ కట్టగట్టే తిప్పి పంపాం. ఆలస్యంగా పెట్టారని ఇంకో కొర్రీ. ఆలస్యం ఒక్కటే సాకుగా నిజమైన క్లెయిమును తోసేయకూడదని నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. ఆ సర్క్యులర్ జత చేసి పైకి నోట్ పెట్టాను. అయిదు వారాలకు డబ్బు వచ్చింది.

అతను ఫోన్ చేసి చెప్పాడు, "వడ్డీకి తెచ్చిన దాంట్లో కొంత తీర్చాం మేడం" అని. పక్కనుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. థాంక్స్ చెప్పమంటోంది. తను మాట్లాడలేదు. ఆ తర్వాతి చికిత్స గురించి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఒంటరిగా వెళ్లి పాలసీలో ఒక పంక్తి మార్పించడం ఎవరివల్లా కాదు. గ్రూపు పాలసీ మాత్రం ఏటా కొత్తగా బేరమాడి రాసుకునే కాగితం. మీరు ఏదైనా కంపెనీలో, బ్యాంకులో, కాలేజీలో పనిచేస్తుంటే, మీకు ఉద్యోగ సంఘం అంటూ ఉంటే, మీకు పిల్లలున్నా సరే, ఈసారి రెన్యువల్‌కు రెండు నెలల ముందు మీ హెచ్ఆర్‌కు ఒక కాగితం పెట్టండి. పదిహేడో మినహాయింపు తీసేసి సంతానలేమి చికిత్సకు ఇంత మొత్తం అని చేర్చమని అడగండి. ఆ కాగితం మీద ముందు సంతకం మగవాళ్లు పెట్టండి.